వార్ధక్యంలో శక్తి: గుళికలు కొనేముందు అగ్నిని పరీక్షించుకొనండి

అరువది ఏండ్లు దాటినవారు ఇద్దరు ఒకచోట కూర్చున్నప్పుడు తప్పక వినిపించే మాట ఒకటున్నది: "మునుపటి ఓపిక లేదు." మెట్లు ఎక్కితే ఆయాసం, మధ్యాహ్నం కాగానే కునుకు, సాయంత్రానికి కాళ్ల పీకుడు, రాత్రి పడుకుంటే నిద్ర పట్టకపోవడం. ఇవి కొత్త బాధలు కావు. కాని వీటికి అంగడిలో నేడు కొత్త పేరు వచ్చినది. "మీ శరీర కణాలలో శక్తి తగ్గినది, మా గుళికలు వేసుకుంటే వయస్సు వెనుకకు మళ్లుతుంది" అని ప్రకటనలు చెబుతున్నవి. ఎన్.ఎమ్.ఎన్., కోఎంజైమ్ క్యూ-10, రెస్వెరట్రాల్, అశ్వగంధ సత్తు అంటూ రంగురంగుల సీసాలు ఇండ్లలోకి చేరుతున్నవి. వాటిలో కొన్నింటికి నెలకు వేల రూపాయలు ఖర్చవుతున్నవి.

ఈ గుళికలు మేలు చేస్తాయా? మన ఆయుర్వేదంలో వీటికి సాటియైన ద్రవ్యాలు కలవా? ఈ ప్రశ్నలు నన్ను తరచు అడుగుతున్నారు. అవునని గాని కాదని గాని ఒక్క మాటలో జవాబు చెప్పడం ధర్మం కాదు. ముందుగా నా వద్దకు వచ్చిన ఒక రోగి వృత్తాంతం చెబుతాను. అందులో నా పొరపాటు కూడా కలదు. వైద్యుడు తన పొరపాటును దాచుకొనరాదు కనుక దానిని కూడా వ్రాస్తున్నాను.

ఒక పంతులుగారి వృత్తాంతం

జహీరాబాదు సమీప గ్రామంలో పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయులు, వయస్సు అరువది ఎనిమిది. పండ్రెండేండ్లుగా మధుమేహం, దానికి మెట్‌ఫార్మిన్ మాత్రలు. శాకాహారి. "వైద్యులవారూ, ఒంట్లో సత్తువ లేదు, నడుస్తుంటే నేల మెత్తగా దూదిమీద నడిచినట్లున్నది" అన్నారు. విదేశంలో ఉన్న కుమారుడు పంపిన గుళికలు అప్పటికే ఆరు నెలలు వాడారు. ప్రయోజనం కనిపించలేదు. నేను నాడి చూచి, వాతం ప్రకోపించినదని తలచి, అశ్వగంధ చూర్ణం పాలతో ఇచ్చి పంపాను.

రెండు నెలల తరువాత వారు వచ్చేసరికి ముఖం మరింత పాలిపోయి ఉన్నది. నాలుక నున్నగా, ఎర్రగా మారినది. పాదాలలో తిమ్మిరి పెరిగినది. నేను మొదటి దినమే నాలుకను శ్రద్ధగా చూడవలసినది, పాదాల స్పర్శ అడుగవలసినది. అప్పటికప్పుడే రక్తపరీక్షకు పంపాను. రక్తహీనత, విటమిన్ బి-12 లోపం బయటపడినవి. మెట్‌ఫార్మిన్ దీర్ఘకాలం వాడేవారిలోను, శాకాహారులలోను, వృద్ధులలోను ఈ లోపం తరచు కనిపిస్తుంది. పంతులుగారిలో ఆ మూడు కారణాలూ ఉన్నవి. పట్టణంలోని వైద్యుని వద్ద సూదిమందు వేయించుకొన్నారు. కొన్ని వారాలలో నడక కుదుటబడినది, ముఖానికి రక్తం వచ్చినది. పాదాల తిమ్మిరి మాత్రం పూర్తిగా పోలేదు. ఆ లోపం ఎక్కువ కాలం ఉండిపోతే నరాలకు కలిగిన హాని కొంత మిగిలిపోవచ్చును. ఆరు నెలలు గుళికలతోను, రెండు నెలలు నా చూర్ణంతోను గడచిపోయినవి. ఆ ఎనిమిది నెలలకు మూల్యం ఆయన పాదాలు చెల్లించినవి.

మందులు చెడ్డవని చెప్పుటకు ఈ వృత్తాంతం వ్రాయలేదు. నీరసం ఒక లక్షణమే గాని రోగం కాదు. దాని కారణం తెలియకుండా బలానికి మందు వేయడం, కుండకు చిల్లు ఎక్కడున్నదో చూడకుండా నీళ్లు పోయడం వంటిది.

కణశక్తిని కనుగొన్నవారిలో తెలుగువాడు

"కణశక్తి" అనే మాట ప్రకటనదారులు పుట్టించినది కాదు. ఆ శాస్త్రానికి పునాది వేసినవారిలో మన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు. 1895లో భీమవరంలో జన్మించిన ఆయన మద్రాసులో వైద్యవిద్య చదివి, అమెరికా వెళ్లకముందు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించారు. తరువాత హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో సైరస్ ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి పనిచేసి, కండరాల శక్తికి సంబంధించిన ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లోను, ఏ.టి.పి. అనే పదార్థాన్ని 1929లోను వెల్లడించారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏ.టి.పి.ని వేరుగా కనుగొన్నారు. సుబ్బారావుగారు 1948లో అమెరికాలోనే కన్నుమూశారు.

ఈ ఏ.టి.పి. మన కణాలకు చేతి ఖర్చు డబ్బు వంటిది. మనం తిన్న అన్నం, పప్పు, నెయ్యి కణంలోని మైటోకాండ్రియా అనే సూక్ష్మమైన పొయ్యిలలో ప్రాణవాయువు సాయంతో కాలి, ఆ శక్తి ఏ.టి.పి. రూపంలోకి మారుతుంది. గుండె కొట్టుకోవాలన్నా, కన్ను చూడాలన్నా దీనినే ఖర్చు పెట్టాలి. శరీరంలో ఒక్కొక్క సమయంలో దీని నిలువ చాలా స్వల్పం. క్షణక్షణం ఖర్చయి, క్షణక్షణం తిరిగి తయారగుచుండవలెను. కనుక శక్తిని సీసాలో కొని లోపల నింపుకొనుట సాధ్యం కాదు. పొయ్యిలు సరిగా మండుటకు కావలసినవి అందించడమొక్కటే మన చేతిలోని పని.

ఆయుర్వేదం చెప్పే మాట

మన శాస్త్రంలో మైటోకాండ్రియా అనే పేరు లేదు. ఆ పేరు గ్రంథాలలో ఉన్నదని బలవంతంగా చూపించుట కూడా తగదు. కాని అన్నం పక్వమై ధాతువుగా మారుటకు అగ్ని మూలమని మన ఆచార్యులు గ్రహించారు. జఠరాగ్నిని ఆశ్రయించి భూతాగ్నులు, ధాత్వగ్నులు పనిచేస్తాయని చెప్పారు. జఠరాగ్ని మందగిస్తే తిన్నది ఆమమగును. ఆమం వలన బరువు, బద్ధకం, అరుచి కలుగుతాయి. అట్టి వానికి ఎంత బలమైన లేహ్యం ఇచ్చినా అది ఆమాన్నే పెంచుతుంది.

సుశ్రుతాచార్యులు జరను రెండు విధాలుగా చెప్పారు: కాలజం, అకాలజం. కాలంతో వచ్చే ముసలితనం స్వభావం, దానిని ఆపే మందు లేదు. శరీరాన్ని రక్షించుకొనకపోవడం వలన ముందుగా వచ్చేది అకాలజర. దానిని నివారించవచ్చును. శార్ఙ్గధరుడు పది ఏండ్లకొక గుణం చొప్పున మనిషిలో తగ్గుచుండునని లెక్క చెప్పాడు. బాల్యం మొదలుకొని, ఎదుగుదల, కాంతి, మేధ, చర్మం, చూపు వరుసగా తగ్గుతాయని ఆ లెక్క.

చరకసంహిత చికిత్సాస్థానం మొదటి అధ్యాయమే రసాయనాధ్యాయం. చ్యవనప్రాశం అందులోనిదే. అయితే దేహశుద్ధి జరిగిన తరువాతనే రసాయనం ఇవ్వవలెనని నియమం. మా గురువుగారు దీనిని చాకలి పనితో పోల్చి చెప్పేవారు. మురికి బట్టకు రంగు అద్దితే పట్టదు, ముందు ఉతికి ఆరవేయవలెను. వారి ఇంటి అరుగు మీద పాఠం చదువుకున్న దినాలలో ఈ మాట ఎన్నిమార్లు విన్నానో లెక్క లేదు. పంతులుగారి విషయంలో ఆ మాటనే మరచాను.

జొన్న నేర్పిన పాఠం

నేడు అత్యంత ఖరీదుకు అమ్ముతున్న ఎన్.ఎమ్.ఎన్. గుళిక బి-3 విటమిన్, అనగా నియాసిన్, కుటుంబానికి చెందినది. ఇది కణంలో ఎన్.ఎ.డి. అనే పదార్థంగా మారుతుంది. ఆహారం శక్తిగా మారుటకు ఎన్.ఎ.డి. తప్పనిసరి. వయస్సుతో ఇది కొన్ని ధాతువులలో తగ్గుతుందని పరిశోధకులు చెబుతున్నారు. గుళిక వేసుకుంటే రక్తంలో దీని పాలు పెరుగుచున్నదని పరీక్షలలో తేలినది. కాని దాని వలన మనిషి ఆయుస్సు పెరిగినదని గాని, ముసలితనం వెనుకకు మళ్లినదని గాని నేటివరకు రుజువు కాలేదు.

నియాసిన్ లోపిస్తే ఏమగునో మన దక్కను పీఠభూమి వాసులు అనుభవించి చూచారు. జొన్న ఒక్కటే తిని బ్రతికిన బీదలలో పెల్లాగ్రా అనే వ్యాధి కనిపించేది. ఎండ తగిలే మెడ, చేతుల చర్మం నల్లబడి పొలుసులు లేవడం, విరేచనాలు, మతిభ్రమ దీని లక్షణాలు. హైదరాబాదులోని నాటి న్యూట్రిషన్ రీసెర్చ్ లాబొరేటరీస్, అనగా నేటి జాతీయ పోషకాహార సంస్థలో కొలుత్తూరు గోపాలన్, శ్రీకాంతయ్య అనే శాస్త్రవేత్తలు దీనిని పరిశోధించారు. జొన్నలోని లూసిన్ అనే అంశం అధికం కావడం కూడా ఇందుకు కారణం కావచ్చునని 1960లో ప్రతిపాదించారు.

దీనిని చదివి జొన్న చెడ్డదని తలచవద్దు. జొన్న ఒక్కటే తినడం చెడ్డది. జొన్నరొట్టెకు తోడు కందిపప్పు, ఆకుకూర, గుప్పెడు వేరుసెనగలు, మజ్జిగ ఉంటే ఆ లోపం దరిచేరదు. వేరుసెనగలో నియాసిన్ సమృద్ధిగా ఉన్నది. పాలు, పప్పులలోని ట్రిప్టోఫాన్ నుండి కూడా శరీరం నియాసిన్‌ను కొంత తయారుచేసుకుంటుంది. ఎన్.ఎ.డి. కావలెనని సీసా కొనేవారు తమ కంచంలో పప్పు, పల్లీలు ఎంత ఉన్నవో ముందు చూచుకొనవలెను.

ఇతర గుళికల సంగతి

కోఎంజైమ్ క్యూ-10 శరీరం తానే తయారుచేసుకొనే పదార్థం. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు వాడేవారి రక్తంలో ఇది తగ్గుతుంది. గుళికగా వేసుకుంటే వారి కండరాల నొప్పులు తగ్గుతాయా అంటే, పరీక్షల ఫలితాలు ఒకే తీరుగా లేవు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు దీనిని సొంతంగా వేసుకోరాదు, ఆ మందు పని తగ్గవచ్చును. ద్రాక్ష తొక్కలోను, వేరుసెనగలోను ఉండే రెస్వెరట్రాల్ గురించి ప్రయోగశాలలలో చూచిన గొప్పతనం మనుష్యులలో ఇంకను గట్టిగా నిలువలేదు.

మన మూలికల విషయంలో కూడా నిజం చెప్పవలెను. అశ్వగంధ ఉత్తమ ద్రవ్యం. నేను నలుబది ఏండ్లుగా వాడుతున్నాను. కాని సారాన్ని గాఢంగా తీసి గుళికలుగా అమ్మే రూపంలో వాడినవారిలో కొందరికి కాలేయం దెబ్బతిన్నట్లు వైద్య పత్రికలలో నమోదైనది. గర్భిణులు, థైరాయిడ్ అధికంగా పనిచేసేవారు దీనిని వాడరాదు. 2021లో ముంబైలోని కాలేయ వైద్యులు తిప్పతీగ వాడిన కొందరిలో కాలేయ వ్యాధిని గుర్తించినట్లు ప్రకటించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ దానితో ఏకీభవించక, తిప్పతీగను పోలిన వేరొక తీగతో పొరపడే ప్రమాదమున్నదని చెప్పినది. ఎవరి మాట ఎట్లున్నను గృహస్థులకు సారాంశం ఒక్కటే. మూలికయైనంత మాత్రాన అది అమృతం కాదు. తెలియని తీగను కోసి కషాయం కాచుకొని నెలల తరబడి త్రాగవద్దు.

మన నేలలోని రసాయనాలు

జహీరాబాదు ఎర్రనేలలు అల్లానికి పేరుపొందినవి. ఈ ప్రాంతంలోని పస్తాపూర్‌లో 1983లో ప్రారంభమైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు కొర్ర, సామ, జొన్న, సజ్జ, కంది, అనుము వంటి పాత పంటల విత్తనాలను ఇండ్లలో దాచి కాపాడినవి. ఆ విత్తనాలను ఎడ్లబండ్లపై అలంకరించి ఊరూరా తిప్పే పాత పంటల జాతర ఈ ప్రాంతానికి గర్వకారణం. ఈ సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి లభించినది.

ఆ స్త్రీలు కాపాడినవి ధాన్యాలు మాత్రమే కావు. విత్తకుండానే చేలలో మొలిచే కూరలను కూడా వారు ఆహారంగా నిలుపుకొన్నారు. తుమ్మికూర, దొగ్గలికూర, జొన్నచెంచలి, గంగవాయిలి, పొన్నగంటి, అటికమామిడి అటువంటివి. అటికమామిడికే సంస్కృతంలో పునర్నవ అని పేరు. శరీరాన్ని తిరిగి నూతనం చేసేది అని దాని అర్థం. కలుపు అని పీకి పారవేసే మొక్కకు మన పూర్వులు పెట్టిన పేరు ఇది.

వయస్సును నిలిపే ద్రవ్యాలలో ఉసిరిక శ్రేష్ఠమని చరకుడు చెప్పాడు. కార్తీకమాసంలో ఉసిరిచెట్టు క్రింద వనభోజనం చేయు ఆచారం మన ఇండ్లలో నేటికీ ఉన్నది. ఆ చెట్టుకు పూజ చేసిన చేతితోనే దాని కాయను కూడా ఇంటికి తెచ్చుకొనవలెను.

ఇంట చేసుకొను యోగాలు

1. ఉసిరిక రసాయనం: గింజలు తీసి నీడలో ఎండించిన ఉసిరిక బెరడును మెత్తగా దంచి వస్త్రగాళితం చేయవలెను. ఆ చూర్ణం తడిసేంతవరకు తాజా ఉసిరిక రసం పోసి నూరి, నీడలో ఆరబెట్టవలెను. ఇట్లు కనీసం మూడు మార్లు భావన చేయవలెను. శాస్త్రంలో ఇరువది యొక్క భావనలు చెప్పబడినవి. ఉదయం అర చెంచా చూర్ణాన్ని ఒక చెంచా నేతితోను, అర చెంచా తేనెతోను సేవించవలెను. నెయ్యి, తేనె సమానంగా కలుపరాదు. మధుమేహం కలవారు తేనె మాని, చిటికెడు పసుపు చేర్చి గోరువెచ్చని నీటితో తీసుకొనవచ్చును.

2. అగ్నిదీపనానికి అల్లం: భోజనానికి ముందు పలుచని అల్లం ముక్కపై కొంచెం సైంధవ లవణం అద్ది నమలవలెను. ఆకలి మందగించినవారికి, తిన్న తరువాత కడుపు బరువుగా ఉండేవారికి ఇది మంచిది. కడుపులో పుండు, మంట ఉన్నవారు దీనిని మానవలెను. రక్తపు పోటు కలవారు ఉప్పు లేకుండా వాడవలెను.

3. నువ్వులు–పల్లీల ఉండలు: దోరగా వేయించిన నువ్వులు, వేరుసెనగలు ఒక్కొక్కటి పావుకిలో తీసుకొని, పావుకిలో బెల్లం చేర్చి దంచి ఉండలు చేయవలెను. రోజుకు నిమ్మకాయంత ఉండ ఒకటి చాలును. మధుమేహం కలవారు బెల్లం లేకుండా గుప్పెడు పల్లీలు తినవచ్చును.

4. తైలాభ్యంగనం: వారానికి రెండు మార్లు గోరువెచ్చని నువ్వులనూనె తలకు, చెవులకు, పాదాలకు పట్టించి స్నానం చేయవలెను. అభ్యంగం జరను, శ్రమను, వాతాన్ని హరిస్తుందని శాస్త్రం.

5. నడక: రాత్రి భోజనానంతరం నూరడుగులు నడవడం మన పెద్దల ఆచారం. అది కాక, ఉదయం నుదుట చెమట పట్టేంతవరకు వ్యాయామం చేయవలెను. తన బలంలో సగం వరకే వ్యాయామం అని ఆయుర్వేదం హద్దు చెప్పినది. క్రమం తప్పని వ్యాయామం వలన కండరాలలో మైటోకాండ్రియాలు పెరుగుతాయని నేటి శాస్త్రం నిర్ధారించినది. ఇన్ని గుళికల మధ్య నిశ్చయంగా కణశక్తిని పెంచునది ఈ నడకయే. దీనికి పైసా ఖర్చు లేదు.

గృహస్థులకు హెచ్చరికలు

నీరసం మూడు వారాలకు మించి ఉంటే ముందు రక్తపరీక్ష చేయించవలెను. హిమోగ్లోబిన్, చక్కెర, థైరాయిడ్, బి-12, మూత్రపిండాల పరీక్షలు ముఖ్యమైనవి. కాళ్లవాపు, ఆయాసం, కారణం లేకుండా బరువు తగ్గడం, మలంలో రక్తం కనిపించడం ఉంటే ఇంటి వైద్యంతో కాలయాపన చేయవద్దు.

మధుమేహం, రక్తపుపోటు, గుండె జబ్బు మాత్రలను ఏ గుళిక కోసమూ ఆపవద్దు. కొత్తగా ఏది మొదలుపెట్టినా మీ వైద్యునికి చెప్పవలెను. కొత్త మందు మొదలుపెట్టిన తరువాత కండ్లు, మూత్రం పచ్చబడినా, ఆకలి చచ్చినా వెంటనే ఆపి వైద్యుని చూడవలెను.

సీసా మీది అక్షరాలు చదువవలెను. పోషక గుళికలుగా అమ్మేవాటిపై అవి ఔషధంగా వాడుటకు కాదని ముద్రించవలెనన్నది ఆహార భద్రతా నియమం. ఆ మాట వ్రాసిన సీసాతోనే రోగం కుదురుతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. ఆయుర్వేద ఔషధమైతే తయారీ లైసెన్సు సంఖ్య, తయారైన తేదీ ఉండవలెను. భస్మాలు, రసౌషధాలు వైద్యుని పర్యవేక్షణ లేకుండా ముట్టరాదు. అంగడి చ్యవనప్రాశంలో చక్కెర అధికం కనుక మధుమేహం కలవారు దానిని వాడుటకు ముందు వైద్యుని అడుగవలెను.

చివరి రసాయనం

చరకుడు రసాయనాధ్యాయం ముగింపులో ఏ మూలికా లేని రసాయనాన్ని చెప్పాడు. దాని పేరు ఆచార రసాయనం. సత్యం పలకడం, కోపం విడవడం, మితంగా నిద్రించి మితంగా మేలుకొనడం, ప్రతిదినం పాలు నెయ్యి సేవించడం, పెద్దలను గౌరవించడం, ప్రియంగా మాట్లాడడం అందులోని ద్రవ్యాలు. ఇట్టి నడవడి కలవాడు నిత్యం రసాయనం సేవించినవానితో సమానమని ఆచార్యుని అభిప్రాయం.

పంతులుగారు ఇప్పుడు ఉదయం చెరువుగట్టు వరకు నడిచి వస్తున్నారు. బి-12 వైద్యుడు చెప్పినట్లు వాడుతున్నారు. అగ్ని కుదిరిన తరువాత నేను ఉసిరిక రసాయనం ఇచ్చాను. ఇప్పుడది ఒంటికి పట్టినది. కుమారునికి ఆయన చెప్పిన మాటతో ఈ వ్యాసం ముగిస్తాను: "నాయనా, గుళికలు పంపవద్దు. ఆ డబ్బుతో ఏడాదికొకసారి నీవే రా. నాకు అంతకంటె బలం ఏమున్నది?"